ఏడున్నరకు ఒకటి, రెండు, మూడు

ఏ క్రైమ్ డాక్యుమెంటరీ మొదలుపెట్టినా మా ఆవిడ పది నిమిషాల్లోపే తీర్పు చెప్పేసేది. “మొగుడే చేసుంటాడు, చూస్తూ ఉండండి” అనేది. పదింట్లో ఏడుసార్లు ఆమె మాటే నిజమయ్యేది. మిగతా మూడుసార్లు కూడా మొగుడు ఏదో ఒక తప్పు చేసే ఉండేవాడు, చంపడం ఒక్కటి తప్ప. నేను లెక్కల మాస్టారిని. పద్ధతి చూపించకుండా జవాబు ఒక్కటే రాసే పిల్లలంటే నాకు ఒళ్లు మంట. “ఆధారమేది?” అని నిలదీసేవాణ్ని. “వాడి చెప్పులు చూశారా? ఇంట్లోంచి కదల్లేదన్నాడు. చెప్పులకు అంత బురద ఎక్కడిది?” అనేది. నేను రిమోట్‌తో వెనక్కి వెళ్లి చూసేవాణ్ని. బురద ఉండేది.

ఈ వాదనలన్నీ ఫోన్లోనే. ఆమె కోదాడలో ఒక గదిలో, నేను మిర్యాలగూడలో ఒక గదిలో. సూర్యాపేటలో మా సొంత ఇల్లు, తాళం వేసి. జిల్లాలు విడిపోయాక టీచర్లను కొత్త జిల్లాలకు పంచినప్పుడు నేను నల్లగొండ జిల్లాకు వెళ్లాను, ఆమె సూర్యాపేట జిల్లాలో మిగిలింది. నా బడి మాడుగులపల్లి దగ్గర. ఆమె బడి కోదాడ దాటి ఇంకా లోపలికి, కాస్త ముందుకు పోతే ఆంధ్రా వచ్చేస్తుంది. మొదటి ఏడాది ఇద్దరం సూర్యాపేట నుంచే తిరిగాం. పొద్దున్నే చెరో బస్సు ఎక్కి, చీకటి పడే వేళకు చెరో నడుంనొప్పితో దిగేవాళ్లం. ఆమె నడుం ఇక ఒప్పుకోక కోదాడలో గది తీసుకుంది. ఆమె లేని ఇంటికి రోజూ బస్సులు మారి పోయి ఏం చేయాలని నేనూ మిర్యాలగూడలో కిరాయికి దిగాను. మాకు పిల్లలు లేరు. అడిగినవాళ్లందరికీ చెప్పి చెప్పి, ఇప్పుడు ఆ మాట హాజరు పలికినంత మామూలుగా వస్తుంది నాకు.

నా గది మేడ మీద. దండెం మీద ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి బూడిద రంగులోకి మారుతుంది, చుట్టూ రైస్‌మిల్లుల ఊక బూడిద. ఒక్కడికి అన్నం వండడం ఎంత కష్టమో అక్కడే తెలిసింది. అరగ్లాసు బియ్యం పోస్తే కుక్కర్ అడుగున అంటుకుపోతుంది, గ్లాసు పోస్తే రెండు పూటలు అదే తినాలి. కూర బయట పార్సిల్. ఏడింటికల్లా అన్నీ అయిపోయేవి. ఇక పడుకునేదాకా నాకూ ఆ గోడలకూ మధ్య ఏ పనీ ఉండేది కాదు.

రోజూ ఫోన్ చేసుకునేవాళ్లం. “తిన్నవా?” “తిన్నాను. మీరు?” “తిన్న.” “సరే మరి.” పెళ్లయి ఇరవై మూడేళ్లయినవాళ్లం, నాలుగు ముక్కల్లో మా ముచ్చట ఖతం. ఫోన్ పెట్టేశాక స్క్రీన్ మీద ముప్పై సెకన్లు, నలభై సెకన్లు అని కనిపించేది. అది చూసినప్పుడల్లా మనసు ఏదోలా అయ్యేది. మళ్లీ చేసి మాట్లాడదామంటే ఏం మాట్లాడాలో తోచేది కాదు.

ఈ డాక్యుమెంటరీల పిచ్చి ఆమెకు స్టాఫ్‌రూంలో అంటింది. ఒకరోజు ఫోన్ చేసి, ఇద్దరం ఒకేసారి పెట్టుకుని చూద్దాం అంది. సూర్యాపేట ఇంట్లోని టీవీ కోసం నా పేరు మీద తీసుకున్న ఖాతా ఒకటి ఉంది. రెండు గదుల్లోనూ చిన్న టీవీలు కొన్నాం, అదే ఖాతా రెండింట్లోనూ పెట్టాం. అప్పటి నుంచి ఒక పద్ధతి ఏర్పడింది. సరిగ్గా ఏడున్నరకు ఆమె ఫోన్ చేస్తుంది. ఇద్దరం ఎపిసోడ్‌ను మొదట్లో ఆపి ఉంచుకుంటాం. ఫోన్లు స్పీకర్‌లో పెట్టుకుంటాం. “ఒకటి, రెండు, మూడు” అని ఆమె లెక్కపెడుతుంది. మూడుకు ఇద్దరం నొక్కాలి. రోజుకు ఒక్క ఎపిసోడే. ఒకరు లేకుండా ఇంకొకరు ముందుకు వెళ్లకూడదు. సూర్యాపేటలో కలిసినప్పుడు చూడకూడదు, అక్కడ పనులుంటాయి.

మూడుకు నొక్కేవాళ్లమే గానీ, ఇద్దరి టీవీలూ ఏనాడూ ఒక్కసారి కదిలింది లేదు. ఆమె నెట్ నాకంటే బాగుండేది. నా టీవీలో పోలీసులు ఇంకా తలుపు కొడుతుండగానే ఫోన్లోంచి ఆమె టీవీలోని ఏడుపులు వినిపించేవి. “జర ఆపు, నాది ఇంకా గాడికి రాలే!” అని అరిచేవాణ్ని. ఆమె ఆపేది. ఈలోపు నాది ముందుకు పోయేది. “ఇప్పుడు మీరు ఆపండి” అనేది. తవ్వకంలో శవం బయటపడే సమయానికి నాకు బిస్కెట్ల ప్రకటన వచ్చేది, ఆమెకు సబ్బుల ప్రకటన. శవం చూడకముందే ఎవరిదో నాకు తెలిసిపోయేది, ఆమె “అయ్యో” అన్న తీరును బట్టి.

ఆ యాప్‌ల మీద నాకున్న కోపం చెప్పుకుంటూ పోతే ఈ కథ సగంలోనే ఆగిపోతుంది. అయినా కొంత చెప్పాలి. రెండు గంటల్లో ఒడిసిపోయే నేరాన్ని ఏడు భాగాలుగా సాగదీస్తారు. ప్రతి భాగం మొదట్లో పది నిమిషాలు నిన్న చూసిందే చూపిస్తారు. తెలుగు మాటలు రెండు భాగాల వరకే ఉంటాయి, మూడో భాగం నుంచి ఉన్నట్టుండి అందరూ హిందీలోకి దిగుతారు. ఉన్న తెలుగైనా మనుషులు మాట్లాడేది కాదు. కూతురి శవం చూసిన తల్లి “ఇది నన్ను చాలా నిరుత్సాహపరుస్తుంది” అంటుంది. మా ఆవిడ తెలుగు పండితురాలు. అలాంటి మాట విన్నప్పుడల్లా ఫోన్లో పగలబడి నవ్వేది. పేరు వెతకాలంటే రిమోట్‌తో ఒక్కో అక్షరం దగ్గరకీ ఎడమకీ కుడికీ నడుచుకుంటూ పోవాలి. తీరా కొట్టాక నేను అడిగింది లేదంటుంది, అడగనివి ఇరవై చూపిస్తుంది. ఒకసారి ఐదు భాగాలు చూశాక ఆరోది నొక్కితే, ఆ సిరీస్ ఇక మా దగ్గర లేదు అంది. ఆ హంతకుడెవరో మాకు ఇప్పటికీ తెలియదు. మా ఆవిడైతే మొగుడే అనుకుంటోంది.

అన్నిటికంటే పెద్ద తలనొప్పి కోడ్. కొంతకాలానికి ఆ యాప్‌కు ఒక అనుమానం పట్టుకుంది. ఒక ఖాతా అంటే ఒక ఇల్లు అట. సూర్యాపేట టీవీనే మా ఇంటి టీవీ కింద లెక్కేసుకుంది. మిగతా రెంటి మీదా ఉన్నట్టుండి, “ఈ టీవీ మీ ఇంటికి చెందింది కాదు” అని తెర నిండా రాసేది. చెందిందే అని నిరూపించుకోవాలంటే ఖాతాదారు ఫోన్‌కు, అంటే నా ఫోన్‌కు, ఒక కోడ్ పంపుతుంది. పదిహేను నిమిషాల్లో దాన్ని టీవీలో కొట్టాలి. దాటితే చెల్లదు. రెండు మూడు వారాలకోసారి ఇదే తంతు. మిర్యాలగూడలో నా ఫోన్ నా చేతిలోనే ఉంటుంది కాబట్టి నాకు పెద్ద ఇబ్బంది లేదు. కోదాడలో ఆమె టీవీ అడిగినప్పుడల్లా ఆమె నాకు ఫోన్ చేయాలి, నేను మెసేజ్ వెతికి చదవాలి, ఆమె రిమోట్‌తో ఒక్కో అంకె దగ్గరకూ నడవాలి. ఒక అంకె తప్పు పడేది. మళ్లీ కొత్త కోడ్.

జూన్‌లో బడులు తెరిచిన వారం ఆ గొడవ జరిగింది. హెడ్మాస్టర్ మీటింగ్ పెట్టారు. నా ఫోన్ నాలుగుసార్లు మోగింది. ఏం ప్రమాదమోనని బయటికొచ్చి ఎత్తితే, కోడ్ కావాలట. ఆరోజు ఆమె బడికి బదులు వెళ్లాల్సిన ట్రైనింగేదో రద్దయి ఇంట్లో ఉంది. సాయంత్రానికి టీవీ సిద్ధంగా పెట్టుకుందామనుకుందట. కోడ్ చదివాను. తప్పు కొట్టింది. ఇంకోటి చదివాను. అప్పటికి సమయం దాటింది. లోపలినుంచి హెడ్మాస్టర్ నా వైపే చూస్తున్నారు. నాకు తిక్క రేగింది.

“నీకు బుర్ర ఉన్నదా? ఆరంకెలు కొట్టుడు రాదా? మా ఆరో తరగతి పోరగాళ్లు నయం నీకంటె. ఎన్నిసార్లు సెప్పాలె? ఇగ దీనికోసం నాకు ఫోన్ చెయ్యకు!”

“సరే” అని పెట్టేసింది.

సాయంత్రం ఏడున్నరకు ఫోన్ వస్తుందా రాదా అని నేను కొంచెం భయపడ్డ మాట నిజం. వచ్చింది. “పెట్టుకున్నారా?” అంది. “పెట్టుకున్న. నీది వచ్చిందా?” అన్నాను. “ఆఁ. ఒకటి, రెండు, మూడు” అంది. హమ్మయ్య అనుకున్నాను. సారీ చెప్పాల్సిన పని తప్పిందని లోపల సంతోషించాను కూడా.

ఆ తర్వాత నాలుగు నెలలు మా డాక్యుమెంటరీలు ఎంత హాయిగా సాగాయంటే, జన్మలో మొదటిసారి ఆ యాప్‌ను నేను మెచ్చుకున్నాను. కోడ్ గొడవ కోదాడ నుంచి మళ్లీ రాలేదు. యాప్ బాగుపడింది అనుకున్నాను. ఫోన్లోంచి ఆమె టీవీ చప్పుడు నా టీవీ మీద పడి గందరగోళం చేసేది కదా, అదీ పోయింది. “ఇప్పుడు మంచిగున్నది, డబుల్ సౌండ్ వస్తలేదు” అన్నాను ఒకరోజు. “ఆఁ, నేను సౌండ్ తగ్గించేశా” అంది. అన్నిటికంటే పెద్ద మార్పు, ఆమె నాతో పోటీకి రావడం మానేసింది. చెప్పుల బురద, చొక్కా గుండీ, గోడమీది ఫొటో, ఇలాంటివి ఇప్పుడు నేను ముందు పట్టుకునేవాణ్ని. “వాని చెయ్యి సూసినవా?” అనేవాణ్ని. “ఏ చెయ్యి?” అనేది. “గదే, ఎడమ చెయ్యి. గాజుపెంకు కోసుకున్నట్టు గీత ఉన్నది.” “అవునా? ఇంకా ఎట్లా ఉన్నాడు మనిషి?” అని అడిగేది. నేను చెప్పేవాణ్ని. ఇల్లు ఎట్లా ఉంది, బయట మంచు పడుతోందా, పోలీసాయన మొహంలో ఏముంది, అన్నీ చెప్పేవాణ్ని. ముప్పై ఏళ్లుగా బోర్డు ముందు నిలబడినవాణ్ని. అవతల ఒకరు నిశ్శబ్దంగా వింటున్నారంటే, నా పాఠం బాగుందనే నాకు అర్థం. అందులో ఇంకో అర్థం ఉండొచ్చని నాకు తట్టలేదు.

ఆ హుషారులో గొంతు ఎంత పెంచేవాణ్నో నాకు తెలియదు. ఒకరోజు కింద ఇంటి ఓనరమ్మ మెట్ల దగ్గర ఆపింది. పెద్దావిడ, మంచిది, పండగపూట ఏదో ఒకటి పైకి పంపిస్తుంది.

“సారూ, ఏమనుకోకు. రోజు పొద్దుమూకంగనే ఎవర్నో సంపుడు, పూడ్సుడు, గీ ముచ్చట్లే ఇనపడుతున్నయి. నిన్న మా కోడలు బుగులు పడ్డది. గొయ్యి లోతు సాలదు అన్నవంట?”

ఆ గొయ్యి అమెరికాలో ఉందని, తవ్వినవాడు జైల్లో ఉన్నాడని ఆమెకు నచ్చజెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. “మరి ఎవరితోని మాట్లాడుతున్నవ్?” అంది. “మా మేడంతోని” అన్నాను. ఆవిడ నా మొహం వంక చూసి, “భార్యాభర్తలు గిసుంటియి మాట్లాడుకుంటరా సారూ?” అంది. సాయంత్రం మా ఆవిడకు చెప్తే చాలాసేపు నవ్వింది. ఆ నవ్వు విన్నాక రూం అంతా వెలుతురు పడ్డట్టు అనిపించింది.

రెండో శనివారం సూర్యాపేటలో కలిసేవాళ్లం. మూసిన ఇంటి వాసన పోవడానికి కిటికీలన్నీ తీయడం, ట్యాంకు కడగడం, మోటారు పాడైతే మనిషిని పిలవడం, ఏ పెళ్లికో వెళ్లిరావడం. సాయంత్రం సోఫాలో ఆమె ఆ చివర, నేను ఈ చివర, ఎవరి ఫోన్ వాళ్లది. ఫోన్లో గంటసేపు మాట్లాడుకునే మనుషులం, ఎదురుగా కూర్చుంటే, “మోటారు బంద్ చేసినవా?” దగ్గరే ఆగిపోయేవాళ్లం. ఆదివారం సాయంత్రం చెరో బస్సు. నాకు లోపల ఒక తప్పు చేసిన భావన ఉండేది, ఏ తప్పో తెలిసేది కాదు. సోమవారం ఏడున్నర ఎప్పుడవుతుందా అని చూసేవాణ్ని.

దసరా సెలవులయ్యాక ఒకరోజు బడిలో ఖాళీ పీరియడ్‌లో ఆ యాప్ నుంచి మెసేజ్ వచ్చింది. ‘మీ ఖాతాలోని ఒక పరికరాన్ని చాలాకాలంగా వాడడం లేదు. తీసేయమంటారా?’ సూర్యాపేట టీవీ గురించి అనుకుని తెరిచి చూశాను. వరసగా పేర్లున్నాయి. సూర్యాపేట టీవీ, నా గది టీవీ, నా ఫోన్. అన్నిటికంటే కింద కోదాడ టీవీ. చివరిసారి వాడింది జూన్‌లో.

మొదట యాప్‌నే తిట్టుకున్నాను. దాని సహాయ కేంద్రంలో చాట్ తెరిచి, మీ లెక్క తప్పు, నిన్న సాయంత్రం కూడా ఆ టీవీలో చూశారు అని రాశాను. అవతల ఉన్నది మరమనిషి. మీ అసౌకర్యాన్ని మేం అర్థం చేసుకోగలం అంది. అసౌకర్యం కాదు, లెక్క తప్పు అన్నాను. మీ అసౌకర్యాన్ని అర్థం చేసుకోగలం అని మళ్లీ అంది. ఫోన్ బల్ల మీద విసిరి కొట్టబోయి ఆగాను. లెక్క తప్పు కాకపోతే? నాలుగు నెలలుగా మూడు అనగానే ఆమె ఏం నొక్కుతోంది? టీవీ చూడనిది, చూస్తున్నానని నాకెందుకు చెబుతోంది? ఆ గంటసేపు ఎక్కడ ఉంటోంది?

చెప్పడానికి సిగ్గుగానే ఉంది. రెండేళ్లుగా రోజుకొక అబద్ధాల సంసారం చూస్తున్న బుర్ర నాది. ఆ సంసారాల్లో మొగుళ్లకూ పెళ్లాలకూ వచ్చే అనుమానాలన్నీ ఆ మధ్యాహ్నం నాకూ వచ్చాయి. ఆరో తరగతి పిల్లాడు నోట్సు దిద్దమని తెస్తే, దిద్దకుండానే సంతకం పెట్టి పంపాను.

సూటిగా అడగాల్సింది. అడగలేదు. తెరమీది పోలీసులు చేసేదే చేశాను, ఉచ్చు పన్నాను. సాయంత్రం ఎపిసోడ్ మధ్యలో, తప్పిపోయిన అమ్మాయి తల్లి మాట్లాడుతుండగా, మామూలుగా అన్నట్టు అడిగాను.

“ఆమె కండ్లద్దాలు మన పక్కింటామెయి లెక్కనే ఉన్నయి కదా?”

“అవును, అచ్చం అట్లాగే” అంది మా ఆవిడ.

ఆ తల్లి కళ్లద్దాలే పెట్టుకోలేదు.

దొరికిందని ఒక్క క్షణం నా గుండె ఎగిరింది. లెక్క తేలినప్పుడు కలిగే సంతోషమే అది. మరుక్షణం భయమేసింది. ఆ సంతోషం నాకెందుకు కలిగిందా అని ఇప్పటికీ అనుకుంటాను. మిగతా ఎపిసోడ్ ఏం చెప్పానో, ఏం విన్నానో గుర్తులేదు. ఆమె మాత్రం మధ్యమధ్య “ఊఁ, తర్వాత?” అంటూనే ఉంది.

ఆ శనివారం బడి వదలగానే గదికి కూడా వెళ్లకుండా బస్టాండుకు పోయాను. వస్తున్నానని ఆమెకు చెప్పలేదు. నేరేడుచర్ల, హుజూర్‌నగర్ మీదుగా కోదాడ. వరికోతల కాలం, రోడ్డు మీద ట్రాక్టర్లు, బస్సు నత్తలా పోయింది. దారి పొడుగునా ఏం చూడబోతున్నానో రకరకాలుగా ఊహించుకున్నాను. ఒక ఊహలో నేను అరుస్తున్నాను, ఇంకో ఊహలో ఇల్లు తాళం వేసి ఉంది. ఆమె లేకపోతే నాకు ఈ భూమ్మీద ఫోన్ చేసే మనిషి ఇంకొకరు లేరనే సంగతి హుజూర్‌నగర్ బస్టాండులో కూర్చున్నప్పుడు తట్టింది. అప్పటిదాకా అనుమానం మీదే ఉన్న ధ్యాస దాని మీదికి పోయింది. లేచి వెళ్లి నీళ్లసీసా కొనుక్కున్నాను.

కోదాడలో దిగి ఆమె సందులోకి వచ్చేసరికి ఏడు ఇరవై ఐదు. తలుపు వేసి ఉంది. కిటికీ సగం తెరిచి ఉంది, తెర పక్కకు లాగి ఉంది. గోడ పక్కన నిలబడి లోపలికి చూశాను. తన ఇంటి కిటికీలోంచి తానే దొంగలా చూడడం ఏ మనిషికీ రాకూడదు.

టీవీ మీద దుమ్ము పడకుండా పాత టేబుల్‌క్లాత్ కప్పి ఉంది. ఆమె దాని వైపు తిరక్కుండా, దానికి వీపు పెట్టి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. ఎదురుగా స్టూలు, స్టూలు మీద స్టీలు గ్లాసు, గ్లాసుకు ఆనించి నిలబెట్టిన ఫోన్. నోట్సు కట్టలు ముందే దిద్దేసి పక్కకు పెట్టేసింది. తల దువ్వుకుని, మొహం కడుక్కుని ఉంది. గోడ గడియారం వంక చూస్తోంది.

ఏడున్నర అయింది. ఫోన్ తీసి నొక్కింది. నా జేబులో నా ఫోన్ కదిలింది. బడిలో సైలెంట్‌లో పెట్టింది అట్లాగే ఉంది. ఎత్తాను.

“పెట్టుకున్నారా?” అంది. ఆ మాట నాకు రెండుసార్లు వినిపించింది, కిటికీలోంచి ఒకసారి, ఫోన్లో ఒకసారి.

“ఆ” అన్నాను, గొంతు తగ్గించి.

“నేనూ పెట్టుకున్నా. ఒకటి, రెండు, మూడు” అని ఒట్టి చేతులు ఒళ్లో పెట్టుకుని, కుర్చీలో వెనక్కి ఆనుకుని కళ్లు మూసుకుంది.

నేను ఫోన్ చెవికి పెట్టుకునే ఆమెను చూస్తున్నాను. కొంతసేపు ఆగి ఆమె కళ్లు తెరిచింది. “ఏవండీ, సౌండ్ రావట్లేదేం? ఏం జరుగుతోంది? చెప్పండి” అంది ఫోన్ వైపు వంగి.

వెళ్లి తలుపు కొట్టాను.

తలుపు తీసి, చేతిలో ఫోన్‌తో నిలబడ్డ నన్ను చూసి, “ఏమైంది? ఎవరికైనా ఏమైనా అయిందా?” అంది. ఏమీ కాలేదన్నాను. లోపలికి వచ్చి టేబుల్‌క్లాత్ లాగి పక్కన పడేసి టీవీ వేశాను. ‘ఈ టీవీ మీ ఇంటికి చెందింది కాదు’ అని వచ్చింది. కోడ్ పంపమని నొక్కాను, నా ఫోన్‌కు వచ్చింది, కొట్టాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. తెర నిండా మేం చూస్తున్న సిరీస్ బొమ్మ వచ్చింది. రిమోట్ ఆమె చేతిలో పెట్టాను. మాట్లాడితే ఏడుస్తానేమోనని ఇదంతా మాట్లాడకుండా చేశాను.

“ఒక్కమాట కోడ్ అడిగితే అయిపోతుండె గద” అన్నాను చివరికి.

“ఫోన్ చెయ్యొద్దన్నారుగా.”

“కోపంల అంటె? నాలుగు నెలలు గట్లనే ఉంటవా?”

ఆమె మంచం అంచున కూర్చుంది. “మొదట నాకూ కోపమే. వారం రోజులు చూద్దాం, ఆయనే కనుక్కుంటాడేమో అనుకున్నా. మీరేమో యాప్ బాగుపడింది అని సంబరపడ్డారు. తర్వాత...” అని ఆగింది.

“తర్వాత?”

“మీరు చెప్పడం మొదలుపెట్టారుగా. ఎవరొచ్చారు, మొహం ఎట్లా ఉంది, వాన పడుతోందా, మంచు పడుతోందా. గంటసేపు. పెళ్లయిన ఇన్నేళ్లలో మీరు నాతో అంతసేపు ఎప్పుడు మాట్లాడారు? నేను చూస్తున్నన్నాళ్లూ మీరు నాతో పోట్లాడేవాళ్లు. చూడటం మానేశాక నాకు చెప్పడం మొదలుపెట్టారు. టీవీ వస్తే అది పోతుందని మళ్లీ అడగలేదు.”

రిమోట్ ఎత్తి టీవీ ఆపేసింది. లేచి నాకు మంచినీళ్లు తెచ్చిచ్చి, మళ్లీ కూర్చుని, “ఇవాళ వాళ్ల గోల వద్దు. మీ సంగతి చెప్పండి” అంది.

నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టాను. ఎక్కడో అమెరికాలో ఎవరినో ఎవరో చంపితే గంటసేపు చెప్పగలను. నా సంగతి అంటే ఏం చెప్పాలి? ఫ్యాన్ తిరుగుతోంది. ఆమె తొందరపెట్టలేదు, ఫోన్లో ఎట్లా వినేదో అట్లాగే కూర్చుంది. బస్సు లేటయిందని చెప్పాను. ఊఁ అంది. మా బడి దగ్గర వడ్లు రోడ్డు మీదే ఆరబోస్తున్నారని చెప్పాను. ఊఁ అంది. ఇక చెప్పడానికి అసలు సంగతి తప్ప ఏమీ మిగల్లేదు.

“నాకు గాడ మంచిగుంటలేదు” అన్నాను. “ఒక్కణ్నే ఉండుడు నాతోని అయితలేదు. నీ ఫోన్ పెట్టేసినంక గోడలు సూసుకుంట కూసుంటున్న.”

“ఎప్పటి నుంచి?”

“పోయిన కాడికెల్లి.”

“ఇన్నేళ్లలో ఒక్కసారీ చెప్పలేదేం?”

“నువ్వు ఎన్నడు అడగలే.”

“ఆరంకెల కోడ్ అడిగితేనే అంత అరిచారు,” అంది ఆమె. “ఇది అడిగితే ఏమంటారోనని భయమేసింది.”

చాలా మామూలుగా అంది. ఏడ్చింది నేను.